గోజో ద్వీపం: విక్టోరియా ఊరు, చితాదెల్లా కోట. అమ్మానాన్నలకు ఎలా చూపించాలి?

అల్లికబుట్ట
సెప్టెంబరు 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను మధ్యధరా సముద్రంలోని మాల్టా దేశంలో, స్లీమా ఊళ్లో ఉంటాను, ఉద్యోగం ఇక్కడే, వచ్చి ఏడాదిన్నర అయింది. అక్టోబరు రెండో వారంలో అమ్మానాన్న నర్సాపురం నుంచి వస్తున్నారు. మాల్టా పెద్ద దీవి మొత్తం నేనే తిప్పుతాను, దాని గురించి బెంగ లేదు. పక్కనున్న చిన్న దీవి గోజో సంగతే తేలడం లేదు. నేను ఒక్కసారే వెళ్లాను, అదీ ఆఫీసు వాళ్లతో జీపు టూరులో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏడు చోట్లు తిప్పారు. విక్టోరియాలో కోట దగ్గర దింపి, "ముప్పై నిమిషాల్లో వచ్చేయండి" అన్నారు. చర్చి మెట్లు ఎక్కి దిగేసరికి ఆ సమయం కాస్తా అయిపోయింది. ఆ కోటగోడ మీద నుంచి ఒక్క నిమిషం చూసింది ఇప్పటికీ కళ్లలో ఉంది.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. మెల్లగా నడుస్తుంది గానీ నడవనని మాత్రం అనదు. పెళ్లికి ముందు నుంచీ లేసు అల్లుతోంది, ఇప్పటికీ చేతిలో సూది ఉంటేనే ఆమెకి పొద్దుపోయేది. నాన్న రిటైరైన సోషల్ మాస్టారు, ప్రతి రాయి దగ్గరా ఆగుతారు. వీళ్లిద్దరికీ ఒక్క రోజులో ఏం చూపిస్తే బాగుంటుంది? కోటా ఊరూ చాలా, లేక మిగతా దీవి కూడా కలపాలా?

రెండురోజులసంచి
సెప్టెంబరు 14, రాత్రి 10:25

అంత దూరం నుంచి వస్తున్నప్పుడు గోజో మొత్తం చూపించండి. దీవి విస్తీర్ణం 67 చదరపు కిలోమీటర్లే. నేను కారు అద్దెకి తీసుకుని ఒక్కరోజులో షారా దగ్గరి జ్గంటీయా గుళ్లు, ద్వేయ్రా తీరం, ఉప్పు మళ్లు, తాపీను చర్చి, కోట అన్నీ చూశాను. ఇక్కడ కూడా మనలాగే ఎడమవైపు నడపాలి కాబట్టి ఇబ్బంది ఉండదు. జ్గంటీయా కట్టింది క్రీస్తుపూర్వం 3600 ప్రాంతంలో, అంటే ఈజిప్టు పిరమిడ్ల కంటే ముందు. సోషల్ మాస్టారికి అది చూపించకపోతే ఎలా అండీ? కోటకి ఒక గంట చాలు.

తీరందాటి
సెప్టెంబరు 15, ఉదయం 7:10

సంచి గారూ, జ్గంటీయా విషయంలో మీతో ఏకీభవిస్తాను. కోటకి గంట చాలన్నది మాత్రం ఒప్పుకోను. నేను మాల్టాలో ఆరేళ్ల నుంచి ఉంటున్నాను. ఊరి నుంచి వచ్చిన మా అన్నయ్య కుటుంబాన్ని, స్నేహితుల్ని కలిపి తొమ్మిదిసార్లు గోజో తీసుకెళ్లాను. మొదట్లో మీ పద్ధతే: కారు, జాబితా, పరుగు. ఇంటికెళ్లాక వాళ్లని అడిగితే ఏ గుడి ఎక్కడుందో గుర్తుండేది కాదు. నాలుగోసారి నుంచి విక్టోరియాలో దిగి, రోజంతా అక్కడే గడుపుతున్నాం. ఇంకో రోజు దొరికితే అప్పుడు జ్గంటీయా.

అల్లికబుట్ట గారూ, ముందు ప్రయాణం సంగతి. స్లీమా నుంచి వలెట్టాకి ఫెర్రీలో దాటండి. అక్కడి నుంచి గోజోలోని ఇమ్‌జార్ రేవుకి వేగంగా వెళ్లే పడవ ఉంది, దాదాపు 45 నిమిషాలు. ఇది 2021లో మొదలైంది. గాలి ఎక్కువున్న రోజు ఇది ఆగిపోవచ్చు కాబట్టి ముందురోజు రాత్రే చూసుకోండి. ఆగిపోతే 41 లేదా 42 నంబరు బస్సులో చిర్కెవ్వా రేవుకి వెళ్లి పెద్ద ఫెర్రీ ఎక్కడమే. అది 25 నిమిషాలు, మనుషులూ కార్లూ అన్నీ ఎక్కుతాయి, అలలకి పెద్దగా ఊగదు. అమ్మకి కడుపులో తిప్పే అలవాటు ఉంటే అసలు పెద్ద ఫెర్రీయే మేలు. వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, తిరిగి వచ్చేటప్పుడు గోజో వైపు తీసుకుంటారు. కొత్తవాళ్లు చిర్కెవ్వాలో కౌంటర్ కోసం వెతుక్కుంటూ ఉంటారు, అందుకే చెబుతున్నాను.

ఇమ్‌జార్ రేవు నుంచి విక్టోరియాకి ఆరు కిలోమీటర్ల లోపే. బస్సు దొరుకుతుంది. గోజోలో బస్సులన్నీ విక్టోరియా బస్టాండు చుట్టూనే తిరుగుతాయి. బస్టాండు నుంచి పెద్ద వీధి మీదుగా ఇత్-తొక్ అనే చౌకు. అక్కడి నుంచి కోటకి ఒక ఏటవాలు వీధి, దూరం తక్కువే గానీ నిటారుగా ఉంటుంది. అమ్మని ఆ ఎత్తు దగ్గర మాత్రం తొందరపెట్టకండి. లేదా రేవు నుంచి టాక్సీలో నేరుగా కోట ద్వారం దగ్గరే దిగి, పైనంతా చూసి, దిగుతూ ఊరు చూడండి. మోకాళ్లకి అదే సుఖం.

శిలాశాసనం
సెప్టెంబరు 15, ఉదయం 11:32

తీరందాటి గారు దారి చెప్పారు కాబట్టి ఆ గోడల మధ్య ఏం జరిగిందో నేను చెబుతాను. మాస్టారు గారికి ముందే చదివి వినిపించండి, వెళ్లాక చూసే చూపే వేరుగా ఉంటుంది.

1551 జులై. సినాన్ పాషా, తుర్గుత్ రెయిస్ నడిపిన ఒట్టోమన్ (తుర్కుల) నౌకాదళం ముందు మాల్టా మీదికి వచ్చింది. అక్కడ బిర్గు, మ్దీనా కోటలు లొంగేలా కనబడక గోజో వైపు తిరిగింది. దీవిలోని జనమంతా ఈ చిన్న కోటలోకే పరుగెత్తారు. అప్పటి గోడలు ఫిరంగుల కాలానికి సరిపోయేవి కావు. కొద్ది రోజుల దెబ్బలకే కోట లొంగిపోయింది. సుమారు 5 వేల మందిని బానిసలుగా ఓడలెక్కించారు. దీవి దాదాపు ఖాళీ అయింది. కొందరు వృద్ధుల్ని వదిలేశారనీ, కొంతమంది తాళ్లతో గోడ దిగి తప్పించుకున్నారనీ చెబుతారు. తర్వాతి ఏళ్లలో డబ్బు కట్టి విడిపించుకోగా తిరిగి వచ్చినవాళ్లు కొందరు, మాల్టా నుంచీ సిసిలీ నుంచీ వచ్చి స్థిరపడ్డవాళ్లు మరికొందరు. అలా ఊరు మళ్లీ నిండింది.

కోటలో ఒక సన్నటి వీధికి బెర్నార్దో దె ఓపువో పేరు ఉంది. సిసిలీ నుంచి వచ్చిన సైనికుడు. శత్రువు చేతికి చిక్కడం ఖాయమని తెలిశాక భార్యనీ కూతుళ్లనీ తన చేతులతోనే చంపి, తాను పోరాడుతూ చనిపోయాడని చెబుతారు. ఆ వీధిలో నిలబడ్డప్పుడు నాకు మాట రాలేదు. రెండు చేతులు చాపితే ఇటు గోడా అటు గోడా అందుతాయి. పారిపోవడానికి ఎటూ దారి లేదు.

ఇప్పుడు మీరు చూసే దక్షిణం వైపు బురుజులు 1599 నుంచి 1622 మధ్య, అప్పట్లో మాల్టాని ఏలిన నైట్స్ అనే క్రైస్తవ యోధుల సంఘం కట్టించినవి. అవి కట్టాక కూడా సముద్రపు దొంగల భయం పోలేదు. రాత్రిళ్లు జనం కోటలోనే పడుకోవాలన్న నియమం 1637 దాకా ఉంది. ఊహించండి: పగలంతా పొలంలో పని, పొద్దు వాలేసరికి పిల్లల్ని తీసుకుని కొండెక్కి రావడం. ఆ నియమం పోయాక జనం కింద ఊళ్లో ఇళ్లు కట్టుకున్నారు. 1693 భూకంపం కూడా దెబ్బతీసింది. కోట ఉత్తరం వైపున కనిపించే మొండిగోడలన్నీ అలా ఖాళీ అయిన ఇళ్లవే.

అల్లికబుట్ట
సెప్టెంబరు 15, మధ్యాహ్నం 1:05

శిలాశాసనం గారూ, ఆఫీసు విరామంలో చదివాను. ఆ మొండిగోడల పక్కనే నిలబడి ఫోటో దిగాను నేను, అవేమిటో తెలియకుండా. నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించాను. "ఐదు వేలంటే మన పక్క ఊరు మొత్తం ఒక్కరోజులో పోయినట్టు కదమ్మా" అన్నారు.

ఆర్మూర్‌పసుపు
సెప్టెంబరు 15, రాత్రి 8:15

అక్కా, నేను దుబాయ్‌ల ఎనిమిదేండ్లు చేసి ఇటు వచ్చిన. ఇప్పుడు గోజోలనే హోటల్ల పని. రోజూ ఆ కోట కిందికెళ్లి నడుస్త. నాకు తెల్సిన ముచ్చట ఒకటి చెప్త.

వచ్చిన కొత్తల బేకరీల ఒక ముసలాయన "హొబ్జ్" అన్నడు. రొట్టె. నాకు గుండెల కలుక్కుమన్నది, గల్ఫ్‌ల మనం రోజూ తిన్న ఖుబూస్ గదా అది! పుస్తకాన్ని "క్తీబ్" అంటరు, మనం కితాబ్ అన్నట్టే. తలుపు "బీబ్", అరబ్బీల బాబ్. వీళ్ల భాష పుట్టుక అరబ్బీ నుంచే, రాత మాత్రం ఇంగ్లీషు లెక్క అక్షరాలల్ల. సగం మాటలు ఇటాలియన్‌వి. గల్ఫ్‌ల చేసినోల్లకి ఇక్కడ చెవి తొందరగ పడ్తది.

ఊరి పేరు గూడ అంతే. మ్యాప్‌ల విక్టోరియా అని ఉంటది, రాణి స్వర్ణోత్సవం అప్పుడు 1887ల పెట్టిన్రు. ఇక్కడి మంది మాత్రం ఇంకా రబాత్ అనే అంటరు. అరబ్బీల కోట బయటి పేట అని. బస్సుల మీరు "రబాత్" అంటే డ్రైవర్ మొహంల నవ్వు చూడున్రి. గోజో అని గూడ అనరు, "ఆవ్‌దెష్" అంటరు.

ఇంకొక మాట. అమ్మగారికి కోట పైన ఎండల నిలబడుడు కష్టమైతది. రాయి అంతా తేనె రంగుది, మధ్యాహ్నం కండ్లు మండుతయ్, నీడ తక్కువ. అక్టోబర్ల మంచిగనే ఉంటది గని నీళ్ల సీసా, టోపీ మరువకున్రి. పొద్దుగాల తొమ్మిదింటికే పైకి పోతే జీపులోల్లు రాకముందు గోడ మీద మీరొక్కరే ఉంటరు.

కడపకారం
సెప్టెంబరు 16, ఉదయం 6:50

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా అత్తగారు పూర్తి శాకాహారి, డిసెంబరులో మేమూ వెళ్తున్నాం. అక్కడ తిండి మాటేమిటి?

ఆర్మూర్‌పసుపు
సెప్టెంబరు 16, మధ్యాహ్నం 3:30

దొరుకుతది అక్కా. పస్తిత్సీ అని పొరలు పొరలు ఉండే మన పఫ్ అసుంటిది, రికోత్తా అనే మెత్తటి జున్ను పెట్టింది ఒకటి, బఠాణీ పెట్టింది ఒకటి. వేడిగ తింటే కడుపు నిండుతది. గని పిండిల పంది కొవ్వు కలిపేటోల్లు గూడ ఉన్నరు, కొనే ముందు అడగాలె. ఎవ్వరూ ఏమనుకోరు, ఇంగ్లీషు అందరికీ వస్తది. గోజో ఫ్తీరా అని పొయ్యిల కాల్చే రొట్టె ఉంటది, మీద ఆలుగడ్డ ముక్కలు, టమాట. దాంట్ల చేప వేస్తరు కొన్నిట్ల, వద్దని చెప్పాలె. బిజిల్లా అని ఎండు చిక్కుడు గింజల ముద్ద, ఎల్లిపాయ వేసి చేస్తరు, మన పచ్చడి లెక్క రొట్టెకు రాసుకుని తినొచ్చు. జ్బెయ్నా అని గొర్రె పాలతోని చేసే చిన్న గుండ్రటి జున్ను, మిరియాలద్దింది చానా బాగుంటది. జున్ను తోడేయడానికి ఏం వాడ్తరో పట్టింపు ఉంటే అది గూడ అడగున్రి.

పూర్తి నమ్మకం కావాల్నంటే పులిహోర కట్టుకపోవుడే. విల్లా రండిల్ తోట ఉంది పెద్ద వీధి పక్కకే, చెట్ల నీడకు కూసుని తినొచ్చు. 1910ల ప్రాంతంల ఇక్కడ గవర్నర్‌గ చేసిన రండిల్ అనే జనరల్ వేయించిన తోట అది.

తీరందాటి
సెప్టెంబరు 16, సాయంత్రం 6:20

కోటలోపల ఏం చూడాలో నా అనుభవం చెబుతాను. కోటలోకి రావడానికి డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రయినా తిరగొచ్చు. లోపలి మ్యూజియంలకి కలిపి ఒకే టికెట్ ఉంటుంది. సాయంత్రం 5కి మూస్తారు.

ద్వారం దగ్గరే ఆగండి. ఇప్పుడు అందరూ వచ్చే పెద్ద కమాను 1956లో గోడకి కొట్టిన కంత. మరియమ్మ విగ్రహాన్ని ఊరేగింపుగా బయటికి తేవడానికి పాత ద్వారం సరిపోలేదు. ఆ పాత ద్వారం పక్కనే ఉంది, దాంట్లోంచే లోపలికి వెళ్లండి. మనవాళ్లు దాన్ని గమనించరు.

ఎదురుగా మెట్ల మీద కథీడ్రల్. లొరెంజో గఫా కట్టాడు, 1697 నుంచి 1711 దాకా. లోపలికెళ్లి మధ్యలో నిలబడి తలెత్తి చూడమనండి నాన్నగారిని. పైన పెద్ద గోపురం, లోతుగా, కిటికీల్లోంచి వెలుగు పడుతున్నట్టు కనిపిస్తుంది. బయటికొచ్చి చూస్తే గోపురమే లేదు, కప్పు చదును! 1739లో మెస్సీనా నుంచి వచ్చిన ఆంతోనియో మానుయెలె అనే చిత్రకారుడు ఆ చదును కప్పు మీద గోపురాన్ని గుడ్డ మీద బొమ్మగా వేశాడు. రాతి గోపురం కట్టడానికి డబ్బు చాలలేదని అంటారు. మా అన్నయ్య కొడుకు పన్నెండేళ్లవాడు నాలుగుసార్లు లోపలికీ బయటికీ పరుగెత్తి చూసొచ్చాడు. భుజాలు కప్పుకునే బట్టలు వేసుకెళ్లండి.

పాత జైలుని వదలకండి. గదుల గోడల నిండా ఖైదీలు గోళ్లతో, మేకులతో చెక్కిన గీతలు: ఓడలు, అరచేతులు, శిలువలు, రోజులు లెక్కపెట్టుకున్న అడ్డగీతలు. ఓడలే ఎక్కువ. తర్వాత నైట్స్‌కి అధిపతి (గ్రాండ్ మాస్టర్) అయి, 1565 ఒట్టోమన్ ముట్టడిలో మాల్టాని కాపాడి, వలెట్టా నగరానికి తన పేరు ఇచ్చిన ఝాన్ దె లా వలెట్, 1538లో, ఒక మనిషిని చావు అంచుదాకా కొట్టినందుకు గోజోలోనే నాలుగు నెలలు గోతిలో శిక్ష అనుభవించాడు.

శిలాశాసనం
సెప్టెంబరు 16, రాత్రి 9:48

పురావస్తు మ్యూజియంలో ఒక్క రాయి కోసమైనా అరగంట కేటాయించండి. మైమూనా అనే అమ్మాయి సమాధి ఫలకం. పాలరాయి మీద కూఫీ అనే పాత లిపిలో అరబ్బీ. 1174 నాటిది. అప్పటికి మాల్టా దీవులు అరబ్బుల నుంచి క్రైస్తవులైన నార్మన్ల చేతికి వచ్చి ఎనభై ఏళ్లు దాటాయి, అయినా జనం అరబ్బీలోనే పిల్లల చావుకి ఏడ్చారు. రాయి వెనక్కి వెళ్లి చూడండి, అక్కడ రోమన్ల కాలపు చెక్కడం ఉంది. అంటే ఒక పాత కట్టడపు పాలరాయిని తీసుకుని, తిప్పి, కూతురి పేరు చెక్కించాడు ఆ తండ్రి.

ఆ రాతలో మైమూనాయే మాట్లాడుతుంది. నీ చుట్టూ చూడు, చావుని ఆపగలిగింది ఈ లోకంలో ఏదైనా ఉందా అంటుంది. మృత్యువు నన్ను నా మేడలోంచి తీసుకుపోయింది, తలుపులూ గడియలూ నన్ను కాపాడలేకపోయాయి అంటుంది. శాసనాలు చదవడం నాకు అలవాటు. అమరావతి నుంచి అద్దంకి దాకా ఎన్నో చూశాను, చాలావాటిలో దానాలు, బిరుదులు, వంశాలు. చనిపోయిన పిల్ల నోట మాట పెట్టిన రాయి ముందు నిలబడ్డం నాకు అదే మొదలు.

రెండురోజులసంచి
సెప్టెంబరు 17, ఉదయం 8:02

ఇవన్నీ చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాత జైలు ఉందని కూడా నాకు తెలియదు, దాని ముందు నుంచే నడిచి వెళ్లాను. రెండో రోజు దొరికితేనే జ్గంటీయా అన్న తీరందాటి గారి మాటే సరైంది. ద్వేయ్రాలో సముద్రం మీద రాతి కమాను కోసమైతే వెళ్లకండి, అది 2017 మార్చి 8న తుఫానుకి కూలిపోయింది. దాని పాత ఫోటోలతో ఇంకా టూర్లు అమ్మేవాళ్లున్నారు.

కోనసీమకొబ్బరి
సెప్టెంబరు 17, సాయంత్రం 7:35

అల్లికబుట్ట చెల్లీ, అక్టోబరు అంటున్నారు కాబట్టి ఇది చెప్పాలి. కోట దిగాక విక్టోరియా పెద్ద వీధిలో రెండు ఒపెరా థియేటర్లు ఉన్నాయి, ఆస్ట్రా, అరోరా. ఒకే వీధి! ఊరి జనాభా చూస్తే సుమారు 7 వేలు. యూరప్‌లో చాలా నగరాలకి ఒక్కటే ఉంటుంది. ఇక్కడ రెండు బ్యాండు సంఘాలు, ఒకటి కథీడ్రల్ మరియమ్మది, ఇంకొకటి కింద ఊళ్లో బసిలికా అనే పెద్ద చర్చి, సెయింట్ జార్జి గారిది. మా కోనసీమలో సంక్రాంతి కనుమ నాడు ఏ ఊరి ప్రభ ఎంత ఎత్తని పంతం పట్టినట్టే, వీళ్లు ఒపెరాకి పంతం పడతారు. సాధారణంగా అక్టోబరులోనే రెండు చోట్లా వేస్తారు, కోరస్‌లో పాడేది చాలావరకు ఊరివాళ్లే. పొద్దున్న కూరగాయలు అమ్మినావిడ రాత్రి వేదిక మీద పట్టు గౌను వేసుకుని ఉండవచ్చు. నేను వెళ్లినప్పుడు టికెట్ దొరకలేదు, బయట నిలబడి సాధన విన్నాను. ఆ వీధి దీపాల కింద విన్న పాట ఎప్పటికీ మర్చిపోను.

జార్జి గారి బసిలికా కూడా తప్పక చూడండి. ఇత్-తొక్ వెనకే. లోపలంతా పాలరాయీ బంగారు పూతా. దాని చుట్టూ ఉన్న సందులు ఊళ్లో అన్నిటికంటే పాతవి, మెలికలు తిరుగుతాయి. చెక్క బాల్కనీలు, తలుపు పక్కన మరియమ్మ గూళ్లు, ఇంటి తలుపు గొళ్లానికి ఇత్తడి చేపలు. దారి తప్పినా కంగారు వద్దు, ఐదు నిమిషాల్లో మళ్లీ బసిలికా ముందే తేలతారు.

తీరందాటి
సెప్టెంబరు 17, రాత్రి 8:50

అల్లికబుట్ట గారూ, మీ మొదటి పోస్టు మళ్లీ చదివితే ఒక ముక్క కంటపడింది. అమ్మ లేసు అల్లుతారు అన్నారు. అయితే అసలు సంగతి ఎవరం చెప్పనే లేదు! గోజో లేసుకి పేరున్న దీవి. 19వ శతాబ్దం నుంచి ఇక్కడి ఆడవాళ్ల చేతిలో ఇదే పని, పేద ఇళ్లు చాలా దాని మీదే గడిచాయి. కోటలో పాత ఇళ్లని కలిపి పెట్టిన గ్రాన్ కస్తెల్లో అనే మ్యూజియం ఉంది, పైన చెప్పిన దె ఓపువో వీధిలోనే. దాంట్లో తిరగలి, పత్తి పనిముట్లు, వడ్రంగి సామాన్లతో పాటు లేసు అల్లే దిండ్లు కూడా ఉన్నాయి. అమ్మకి అక్కడే గంట పడుతుంది, చూస్తూ ఉండండి.

కోట సందుల్లో లేసు అమ్మే కొట్లున్నాయి. అన్నీ చేత్తో చేసినవి కావు, మిషన్‌వి కూడా కలిపి అమ్ముతారు. అమ్మ చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుందనుకోండి.

అల్లికబుట్ట
సెప్టెంబరు 17, రాత్రి 11:15

తీరందాటి గారూ, ఏడాదిన్నర నుంచి ఇక్కడ ఉండి ఇది నాకు తెలియదు. అమ్మకి చెప్పలేదు, చెప్పను కూడా. అక్కడికెళ్లాక చూస్తుంది.

అల్లికబుట్ట
అక్టోబరు 16, రాత్రి 10:30

వెళ్లొచ్చాం. మీ అందరికీ చెప్పకుండా నిద్ర పట్టదు.

గాలికి వేగం పడవ ఆగిపోయింది. చిర్కెవ్వా వెళ్లి పెద్ద ఫెర్రీ ఎక్కాం. అమ్మ డెక్కు మీదే కూర్చుంది, నర్సాపురం రేవులో పంటు ఎక్కినట్టే ఉందంది. ఇమ్‌జార్‌లో టాక్సీ తీసుకుని తొమ్మిదిన్నరకి కోట దగ్గర దిగాం. పాత ద్వారంలోంచే వెళ్లాం.

నాన్న మొదటి గంట గోడ మీదే. దీవి మొత్తం కళ్ల ముందు: కోసేసిన పొలాల మధ్య రాతి గట్లు, దూరంగా షెవ్కీయా చర్చి గుండ్రటి పెద్ద గోపురం, అటు తాపీను, అంచున సముద్రం. శిలాశాసనం గారూ, మీరు చెప్పిన తాళ్ల మాట నాన్న మనసులో ఉండిపోయింది. ఉత్తరం వైపు వెళ్లి కిందికి తొంగి చూసి, "ఇక్కడ దిగి ఉంటారు, చీకట్లో, పిల్లల్ని వీపున కట్టుకుని" అన్నారు. అక్కడి నుంచి చాలాసేపు కదల్లేదు. మైమూనా రాయి దగ్గర తెలుగులో మీరు రాసిన ముక్క ఫోన్‌లో తీసి చదివించాను. రెండోసారి తానే చదువుకున్నారు. కథీడ్రల్‌లో మాత్రం చిన్నపిల్లాడైపోయారు, బయటికెళ్లి కప్పు చూసి మళ్లీ లోపలికొచ్చారు.

అమ్మ సంగతి. గ్రాన్ కస్తెల్లో మ్యూజియం మెట్లు ఇరుకు, మెల్లగా ఎక్కించాను. లేసు దిండు ఉన్న అద్దం ముందు ఆగి, ముందు ఏమీ అనలేదు. తర్వాత, "ఇది మన కొక్కెం సూది పని కాదే" అంది. మనది ఒక్క సూది, ఒక్క దారం, గొలుసు వేసుకుంటూ పోవడం. ఇక్కడ పొడుగాటి గడ్డి దిండు, దాని మీద నమూనా కాగితం, గుండుసూదులు, పదుల సంఖ్యలో చిన్న చెక్క కండెలు. ఒక్కో కండెకి ఒక్కో దారం, వాటిని అడ్డంగా మెలేస్తూ వెళ్తారు.

బయటికొచ్చాక ఒక సందులో పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటుంది, గుమ్మంలో కుర్చీ వేసుకుని దిండు గోడకి ఆనించి అల్లుతోంది. కండెల చప్పుడు వీధి మొదటి నుంచే వినిపించింది. అమ్మ ఎదురుగా నిలబడిపోయింది. ఆవిడ తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడింది. అమ్మ తన సంచిలోంచి సగం అల్లిన బల్లగుడ్డ తీసింది. ప్రయాణాల్లో కూడా వెంట ఉంటుంది అది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. అమ్మ చేతిలోని పనిని ఆవిడ తీసుకుని, వెనక్కి తిప్పి చూసింది. అమ్మ ముడి ఎక్కడ దాచిందో వెతికింది. పని తెలిసినవాళ్లు అలా వెనకవైపే చూస్తారు, మా ఊళ్లో లేసు ఏజెంట్లు కూడా ముందు అదే చూస్తారు. తర్వాత లోపలికెళ్లి ఇంకో కుర్చీ తెచ్చి వేసింది.

గంటా ఇరవై నిమిషాలు కూర్చున్నారు. మధ్యలో నేను అనువాదం చేస్తానంటే ఇద్దరూ చెయ్యి ఊపారు, అవసరం లేదని. అమ్మకి నాలుగు కండెలు చేతికిచ్చి మెలి వేయడం చూపించింది ఆవిడ. గోధుమ గింజ ఆకారం ఒకటి వస్తుంది వాళ్ల లేసులో, ఆకులా మధ్యలో ఉబ్బి కొసలు సన్నగా. అమ్మకి మూడోసారికి వచ్చింది. అమ్మ కొక్కెం సూదితో పువ్వు అల్లి చూపిస్తే ఆవిడ వేళ్లతో దాని రేకులు లెక్కపెట్టింది. నాన్న ఈలోగా పాత జైలు చూసొచ్చారు.

ఊరు దిగాక మూడున్నర. బసిలికా చూశాం, దాని వెనక సందుల్లో నిజంగానే దారి తప్పాం, అమ్మ మోకాళ్ల మాట ఎత్తలేదు. ఒపెరా టికెట్లు అయిపోయాయి. కొబ్బరి అక్కా, మాకూ అదే అయింది.

శిలాశాసనం
అక్టోబరు 17, ఉదయం 6:15

మాస్టారు గారు ఆ గోడ దగ్గర నిలబడ్డారన్నది చదివి నాకు చాలా తృప్తిగా ఉంది. ఆయనకి నా నమస్కారాలు చెప్పండి. మైమూనా ఫలకం వెనకవైపు చూశారా?

అల్లికబుట్ట
అక్టోబరు 17, ఉదయం 7:20

చూశారండీ. అమ్మే చూపించింది. "ఏదైనా వెనక్కి తిప్పి చూడాలి" అని ముందు తనే వెళ్లింది.

ఆర్మూర్‌పసుపు
అక్టోబరు 17, మధ్యాహ్నం 2:40

అక్కా, ఆ పెద్దావిడది ఏ సందు? నేను రోజూ అటే పోతా. మా అమ్మ వస్తే చూపిద్దామని.

అల్లికబుట్ట
అక్టోబరు 17, సాయంత్రం 6:05

తమ్ముడూ, కథీడ్రల్ మెట్ల నుంచి కుడివైపు తిరిగి, జైలు దాటాక ఎడమ సందు. పేరు రాయడం బాగుండదు, ఆవిడ ఇల్లు కదా. మధ్యాహ్నం నాలుగు దాటితే లోపలికెళ్లిపోతుందట, పొద్దున్నే వెళ్లు. ఆవిడ దగ్గర కొనేవి ఉంటే బేరం ఆడకు. అరచేతి అంత ముక్కకి రోజులు పడుతుందని అమ్మ చెప్పింది. ఒక చిన్న పని చేసి పెడతావా? అమ్మ తొందరలో తన బల్లగుడ్డ అక్కడే కుర్చీ మీద మర్చిపోయింది. నువ్వు వెళ్లినప్పుడు ఉందేమో అడుగు. ఇస్తే తీసుకురావద్దు, మిగతా సగం ఆవిడనే అల్లమని అమ్మ మాటగా చెప్పు.

ఆర్మూర్‌పసుపు
అక్టోబరు 19, ఉదయం 10:12

పోయిన అక్కా. గుడ్డ దిండు పక్కకే ఉంది, మడత పెట్టి. అమ్మగారి మాట చెప్పిన. ఆవిడ లోపల్నుంచి సూది తెచ్చి చూపిచ్చింది, మొన్ననే కొన్నదట, కొక్కెం సూది. ఎట్ల పట్టుకోవాల్నో మీ అమ్మగారిని వీడియోల చూపియ్యమంటుంది.

అల్లికబుట్ట
అక్టోబరు 19, ఉదయం 10:31

అమ్మ పక్కనే ఉంది. ఇవాళ సాయంత్రం ఆరింటికి కుదురుతుందా?